పాత ల్యాప్‌టాప్ డిస్కుకు కొత్త కేసింగ్: ముందు చదవాలి, తరువాతే రాయాలి

ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే అందులోని ఫైళ్ళు కూడా పోయినట్టేనని మా బంధువుల్లోనూ ఇరుగుపొరుగులోనూ ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. మదర్‌బోర్డు కాలిపోయినా, తెర పగిలినా, చార్జింగ్ పిన్ను ఊడిపోయినా డిస్కుకు ఏమీ కాకపోవచ్చు. ఆ డిస్కును బయటికి తీసి, కొన్ని వందల రూపాయలకు దొరికే ఎన్‌క్లోజర్ అనే చిన్న పెట్టెలో అమర్చి, యూఎస్‌బీ కేబుల్‌తో మరో కంప్యూటర్‌కు కలిపితే అది మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు లాగానే తెరుచుకుంటుంది. అమర్చడం చిన్న పని. అమర్చిన తరువాత ఏది ముందు చేయాలి, ఏది అసలు చేయకూడదు అన్నదే పెద్ద విషయం. పాత డిస్కును మొదట చదవాలి. చదివినదంతా వేరేచోట భద్రమైన తరువాత మాత్రమే దాని మీద ఏదైనా రాయాలి. ఫైళ్ళు దక్కడమూ పోవడమూ చాలావరకు ఈ వరుస మీదే ఆధారపడి ఉంటాయి.

చిత్తూరులో ఉంటున్న మా పెదనాయన డిగ్రీ కళాశాలలో తెలుగు అధ్యాపకులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం కట్టినవాళ్ళ ఫోటోలు, పల్లెల్లో పెద్దవాళ్ళ చేత పాడించుకుని రికార్డు చేసుకున్న పాటలు, డీటీపీ చేయించుకున్న వ్యాసాలు అన్నీ ఆయన ల్యాప్‌టాప్‌లోనే ఉండేవి. ఆ ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పాడైపోయింది, బాగుచేయడం కంటే కొత్తది కొనుక్కోవడం మేలని రిపేరు చేసేవాళ్ళు చెప్పారు. "అందులో ఉండేదంతా పోయినట్టేనా అమ్మా?" అని ఆయన ఫోనులో అడిగారు. "పోలేదు పెదనాయనా, డిస్కు బాగుంటే అన్నీ తీయొచ్చు. మీరు దాన్ని ఎవరికీ ఇవ్వకుండా నా దగ్గరికి పంపించండి" అని చెప్పాను. ఇక్కడ రాస్తున్నదంతా తిరుపతిలో మా ఇంట్లో ఆ డిస్కుతో చేసిన పని, దానికి ముందు ఇతరుల డిస్కులతో చేసిన పని ఆధారంగా రాస్తున్నాను.

ఎన్‌క్లోజర్ కొనే ముందు డిస్కును బయటికి తీసి చూడడం మంచిది. మన దుకాణాల్లో దీన్ని ఎక్కువగా కేసింగ్ అనే పిలుస్తారు, 2.5 అంగుళాల సాటా డిస్కుకు యూఎస్‌బీ 3.0 కేసింగ్ కావాలని అడిగితే సరిపోతుంది. సాటా అంటే డిస్కును కంప్యూటర్‌కు కలిపే పద్ధతి. ల్యాప్‌టాప్‌లలో వాడే సాధారణ హార్డ్ డిస్కు 2.5 అంగుళాలది; డెస్క్‌టాప్‌లలోది 3.5 అంగుళాలది. చిన్న డిస్కుల్లో కూడా మందం అన్నిటికీ ఒకటి కాదు. 7 మిల్లీమీటర్లవి, 9.5 మిల్లీమీటర్లవి ఎక్కువగా కనిపిస్తాయి, ఎక్కువ సామర్థ్యం ఉన్న కొన్నిటికి 12.5 లేదా 15 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. చాలా కేసింగ్‌లు 9.5 మిల్లీమీటర్ల వరకే పడతాయి. 7 మిల్లీమీటర్ల డిస్కును అందులో పెడితే కొద్దిగా వదులుగా ఉంటుంది కాబట్టి కేసింగ్‌తో పాటు ఇచ్చే స్పాంజి ముక్కను తప్పనిసరిగా అతికించాలి. లేకపోతే పెట్టెను కదిపినప్పుడల్లా కనెక్టర్ మీద బరువు పడుతుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు బదులు సన్నని బద్ద ఆకారంలో ఎం.2 ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలోనే డేటా దాచేది) ఉంటుంది. సాధారణంగా దాని వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80 మిల్లీమీటర్లు. చూడడానికి ఒకేలా ఉన్నా అందులో సాటా పద్ధతిలో పనిచేసేవి, ఎన్‌వీఎంఈ అనే మరో పద్ధతిలో పనిచేసేవి అని రెండు రకాలున్నాయి. కనెక్టర్ దగ్గర రెండు గాట్లుంటే చాలావరకు సాటా రకం, ఒక్క గాటే ఉంటే చాలావరకు ఎన్‌వీఎంఈ రకం. లేబుల్ మీద కూడా చూసుకుని నిర్ధారించుకోవాలి. ఒకదాని కోసం చేసిన కేసింగ్‌లో రెండోది పనిచేయదు. రెండింటినీ చదివే చిప్‌లు ఉన్న కేసింగ్‌లు కూడా దొరుకుతాయి, అయితే ఆ మాట పెట్టె మీద స్పష్టంగా రాసి ఉండాలి.

రెడీమేడ్‌గా కొన్న ఎక్స్‌టర్నల్ డిస్కు పాడైతే దాన్ని విప్పి వేరే కేసింగ్‌లో వేద్దామని కొందరు నన్ను అడుగుతుంటారు. అన్నిటికీ అది కుదరదు. వాటిలో కొన్నిటికి సాటా కనెక్టరే ఉండదు, యూఎస్‌బీ సాకెట్టును నేరుగా డిస్కు సర్క్యూట్ బోర్డు మీదే అతికించి ఉంటారు. మరికొన్నిటిలో యూఎస్‌బీ బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే తాను మాత్రమే చదవగలిగే సంకేతాలుగా మార్చి రాస్తుంది. అలాంటి డిస్కును వేరే కేసింగ్‌లో వేస్తే లోపల డేటా ఉండే పళ్ళేలు తిరుగుతాయి, సామర్థ్యం కూడా సరిగానే కనబడుతుంది, ఫైళ్ళు మాత్రం ఒక్కటీ కనబడవు.

కేసింగ్ లోపల ఉండే చిన్న బోర్డు గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే కొనేటప్పుడు అందరూ పైపెట్టెనే చూస్తారు. కంప్యూటర్ యూఎస్‌బీ పద్ధతిలో మాట్లాడుతుంది, డిస్కు సాటా పద్ధతిలో వింటుంది. ఆ రెంటి మధ్య దుబాసీ లాంటిది ఆ బోర్డు మీదున్న బ్రిడ్జి చిప్. జేమైక్రాన్, ఏఎస్‌మీడియా వంటి సంస్థలు ఈ చిప్‌లు తయారుచేస్తాయి. పాత పద్ధతిలో ఒక ఆదేశం పూర్తయిన తరువాతే చిప్ రెండోది అందుకుంటుంది. యూఏఎస్‌పీ అనే కొత్త పద్ధతిలో అనేక ఆదేశాలను వరుసలో పెట్టుకుని నడిపిస్తుంది. తిరిగే పళ్ళేలున్న డిస్కుకు దీనివల్ల పెద్ద తేడా కనిపించదు కానీ, ఎస్‌ఎస్‌డీ పెట్టదలచుకుంటే యూఏఎస్‌పీ ఉన్న కేసింగే కొనాలి. డిస్కు ఆరోగ్య వివరాలను కంప్యూటర్‌కు అందనిస్తుందా లేదా అన్నది కూడా ఈ చిప్ మీదే ఆధారపడి ఉంటుంది. కొన్ని చవకరకం చిప్‌లు ఆ వివరాలను దాటనివ్వవు. నా దృష్టిలో అలాంటి కేసింగ్ ఎంత చవకగా దొరికినా పాత డిస్కులకు పనికిరాదు.

వేగం సంగతికి వస్తే, యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లని చెప్తారు గానీ వాడుకలో సెకనుకు 30 నుంచి 40 మెగాబైట్లకు మించి రాదు. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 వేగం 5 గిగాబిట్లు. దాన్నే తరువాతి కాలంలో 3.1 జెన్ 1 అనీ, 3.2 జెన్ 1 అనీ పేర్లు మార్చి పిలిచారు కాబట్టి పేరు చూసి కంగారుపడకుండా పెట్టె మీద 5 జీబీపీఎస్ అని ఉందో లేదో చూసుకుంటే చాలు. 500 గిగాబైట్ల డేటాను యూఎస్‌బీ 2.0 మీద సెకనుకు 35 మెగాబైట్ల చొప్పున తీస్తే దాదాపు నాలుగు గంటలు పడుతుంది. సెకనుకు 100 మెగాబైట్లు ఇచ్చే డిస్కును 3.0 మీద పెడితే గంటన్నర లోపే అయిపోతుంది. ఆరోగ్యం సరిగా లేని డిస్కు విషయంలో ఇది కేవలం మన ఓపికకు సంబంధించిన లెక్క కాదు. డిస్కు ఎంత తక్కువసేపు తిరిగితే అంత మంచిది.

డిస్కును తీసేటప్పుడు ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి, బ్యాటరీ ఊడదీయగలిగితే దాన్నీ తీసేసి, లోపలి లోహభాగాన్ని ఒకసారి చేత్తో తాకి మన ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. డిస్కును పక్కల మీద పట్టుకోవాలి తప్ప పైమూతను నొక్కకూడదు. దాని మీదున్న చిన్న గాలి రంధ్రాన్ని స్టిక్కరుతో గానీ టేపుతో గానీ మూయకూడదు. చుట్టూ ఉన్న రేకు చట్రాన్ని నాలుగు మరలు విప్పి తీసేస్తే, వెనుక వైపు 15 పిన్నుల కరెంటు కనెక్టరు, 7 పిన్నుల డేటా కనెక్టరు పక్కపక్కనే కనబడతాయి. వాటికి ఎల్ ఆకారంలో మలుపు ఉంటుంది కాబట్టి తలకిందులుగా ఎక్కవు. కేసింగ్‌లోని సాకెట్టుకు ఎదురుగా సమంగా పెట్టి నెమ్మదిగా జరిపితే చాలు. ఒకవైపు వాలుగా తోస్తే విరిగేది డిస్కు కనెక్టరులోని ప్లాస్టిక్ నాలుకే. మిగతా అమరికలో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు.

కేబుల్ గుచ్చిన తరువాత వచ్చే ఇబ్బందుల్లో పెద్ద భాగం కరెంటుకు సంబంధించినవే. 2.5 అంగుళాల డిస్కు 5 వోల్టుల మీద నడుస్తుంది, అది యూఎస్‌బీ నుంచే అందుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసినది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు ఇవ్వవలసినది 900. డిస్కు లేబుల్ మీద 5 వోల్టులు, 0.7 ఆంపియర్లు అనో 1 ఆంపియర్ అనో రాసి ఉంటుంది. పళ్ళేలు మొదటిసారి తిరగడం మొదలుపెట్టే క్షణంలోనే అది ఎక్కువ కరెంటు లాగుతుంది. పోర్టు అంత ఇవ్వలేకపోతే డిస్కు తిరగబోయి ఆగిపోతుంది, టిక్కుమని శబ్దం చేస్తుంది, లేదా కంప్యూటర్‌లో కనబడి మాయమై మళ్ళీ కనబడుతుంది. ఆ శబ్దం విని డిస్కు చచ్చిపోయిందని పక్కన పడేసినవాళ్ళను నేను చూశాను. ముందుగా నీలిరంగు నాలుక ఉన్న 3.0 పోర్టుకు నేరుగా కలపాలి, మధ్యలో సొంత కరెంటు లేని హబ్ పెట్టకూడదు. డెస్క్‌టాప్ అయితే ముందు పోర్టులు వదిలి వెనుక మదర్‌బోర్డు పోర్టులను వాడాలి. కేబుల్ పొట్టిదీ, గట్టిదీ అయి ఉండాలి. ఇవన్నీ మార్చి చూసినా అదే టిక్కుటిక్కు వినబడుతూ ఉంటే అది డిస్కు లోపల పళ్ళేలను చదివే హెడ్ల సమస్య అయి ఉండవచ్చు. అప్పుడు మళ్ళీ మళ్ళీ గుచ్చి చూడకుండా అక్కడితో ఆపేసి, డేటా విలువైనదైతే డేటా రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకుపోవాలి. తిప్పినకొద్దీ హెడ్లు పళ్ళేలను గీకే ప్రమాదం పెరుగుతుంది.

3.5 అంగుళాల డిస్కుకు 5 వోల్టులతో పాటు 12 వోల్టులు కూడా కావాలి కాబట్టి దాని కేసింగ్‌కు వేరే అడాప్టరు ఇస్తారు. ఆ అడాప్టరు పోయినప్పుడు ఇంట్లో ఉన్న వైఫై రౌటర్ అడాప్టరు పిన్ను పడుతుంది కదా అని పెట్టడం మంచిది కాదు. అది 12 వోల్టులదే అయినా చాలావరకు 1 ఆంపియర్ లోపే ఇస్తుంది, డిస్కు మొదలయ్యేటప్పుడు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టరు పెడితే బోర్డూ డిస్కూ రెండూ కాలిపోతాయి. పెద్ద డిస్కు అడాప్టరును కూడా యూపీఎస్ మీదే ఉంచాలన్నది ఇక్కడి వేసవి నేర్పే జాగ్రత్త. కంప్యూటర్ యూపీఎస్ మీద నిలబడి, డిస్కు మాత్రం గోడ ప్లగ్గు మీద ఉండి కరెంటు పోయిందంటే, సగం రాసిన ఫైలుతో పాటు ఫైళ్ళ పట్టిక కూడా దెబ్బతినవచ్చు.

ఇక చదవడం. కేసింగ్‌ను విండోస్ కంప్యూటర్‌కు కలిపిన వెంటనే "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి" అనో, విండోస్‌లో డిస్కులను చూపే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే "ఇనీషియలైజ్ చేయాలి" (కొత్త డిస్కుగా సిద్ధం చేయాలి) అనో అడిగితే, డిస్కులో మనకు కావలసినవి ఉన్నంతవరకు రెండింటికీ క్యాన్సిల్ అనే చెప్పాలి. విభజన పట్టిక (డిస్కును ఏయే భాగాలుగా చేశారో చెప్పేది) చదవలేకపోయినా, ఫైల్ సిస్టమ్ (ఫైళ్ళను డిస్కు మీద అమర్చే పద్ధతి) అర్థం కాకపోయినా విండోస్ ఇలాగే అడుగుతుంది. లోపల ఏమీ లేదని దాని అర్థం కాదు. పాత సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డరు తెరవబోతే మీకు అనుమతి లేదు, కంటిన్యూ నొక్కండి అనే సందేశం కూడా వస్తుంది. అది నొక్కితే విండోస్ ఆ ఫోల్డరులోని ప్రతి ఫైలుకూ అనుమతులను మార్చి రాస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్కుకు అది హాని కాదు. అనుమానం ఉన్న డిస్కుకు మాత్రం అది మనం వద్దనుకున్న రాతే అవుతుంది.

ఇటీవలి ల్యాప్‌టాప్‌ల డిస్కులకు బిట్‌లాకర్ అనే విండోస్ ఎన్‌క్రిప్షన్ తాళం పడి ఉండే అవకాశం ఎక్కువ. కేసింగ్‌లో పెట్టి కలిపితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా ఆ ల్యాప్‌టాప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంటులో భద్రపరచి ఉంటుంది. అది లేకుండా తెరిచే దారి లేదు. మీ ల్యాప్‌టాప్ ఇప్పుడు బాగా పనిచేస్తున్నట్లయితే ఆ కీని ఈ రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మా పెదనాయనది పాత యంత్రం కాబట్టి ఆ చిక్కు రాలేదు.

పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఉబుంటు లినక్స్‌తో కంప్యూటర్‌ను ఆన్ చేసి, ఆ తరువాతే పెదనాయన డిస్కును కలిపాను. విండోస్ డిస్కును చూసిన వెంటనే తనంతట తాను తెరిచి, పాత లాగ్‌ను (మార్పుల చిట్టాను) సరిచేయడం, తన సొంత ఫోల్డర్లు సృష్టించడం వంటివి చేస్తుంది. లినక్స్‌లో అయితే డిస్కును తెరవకుండానే ముందు దాని ఆరోగ్యం చూడవచ్చు. ప్రతి డిస్కూ స్మార్ట్ అనే పేరుతో తన చరిత్రను తానే రాసుకుంటుంది. లినక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్, విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో దాన్ని చదివి చూపిస్తాయి. అందులో చాలా వరుసలు ఉంటాయి గానీ నేను ముందుగా చూసేవి మూడు. సెక్టారు అంటే డిస్కు మీద డేటా రాసే అతి చిన్న గడి. 5వ వరుస, పాడైన సెక్టార్ల బదులు వాడిన కొత్త సెక్టార్ల సంఖ్య; 197వది, చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల సంఖ్య; 198వది, ఏ విధంగానూ సరిచేయలేనివి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఇవే 05, సీ5, సీ6 అని కనబడతాయి, విలువలు కూడా హెక్సాడెసిమల్ పద్ధతిలో ఉంటాయి. 199వ వరుస మాత్రమే పెరుగుతుంటే డిస్కును తప్పుపట్టకుండా ముందు కనెక్టర్ల సంగతి చూడాలి. డిస్కుకూ బోర్డుకూ మధ్య డేటా దారిలో వచ్చే పొరపాట్లను అది లెక్కపెడుతుంది.

పెదనాయన డిస్కులో 197వ వరుస సున్నా కాదు. అంటే డిస్కు పనిచేస్తోంది గానీ కొన్నిచోట్ల చదవలేకపోతోంది. ఇలాంటి చోటే చాలామంది విండోస్‌లోని చెక్‌డిస్క్ నడిపిస్తారు, అది చాలా ప్రమాదం. చెక్‌డిస్క్ ఫైల్ సిస్టమ్‌ను పొందికగా చేయడం కోసం తయారైన సాధనం, ఫైళ్ళను కాపాడడం కోసం కాదు. చదవలేకపోయిన చోటున్న ఫైళ్ళ పేర్లను తీసివేయడానికీ, ముక్కలను వేరే పేర్లతో రాయడానికీ అది వెనుకాడదు. ఫైళ్ళను ఒక్కొక్కటిగా లాగి కాపీ చేయడం కూడా అంత మంచిది కాదు. పాడైన చోట కంప్యూటర్ నిమిషాల తరబడి ఆగి, మళ్ళీ మళ్ళీ అదే సెక్టారును చదవమని డిస్కును వేధిస్తుంది.

ఈ పనికోసమే జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఉంది. అది ముందు సులువుగా చదవగలిగినదంతా చదివి వేరే డిస్కులో ఒకే పెద్ద ఇమేజ్ ఫైలుగా (మొత్తం డిస్కుకు నకలుగా) రాస్తుంది. మొరాయించిన చోట్లను దాటుకుంటూ వెళ్ళి, ఆఖరున వెనక్కి వచ్చి వాటిని చిన్న చిన్న ముక్కలుగా ప్రయత్నిస్తుంది. ఏది చదివింది, ఏది మిగిలింది అన్నది ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా, మనమే డిస్కును చల్లారనివ్వడానికి ఆపినా, మళ్ళీ అదే చోటి నుంచి మొదలుపెట్టవచ్చు. ఏ డిస్కు నుంచి ఏ డిస్కుకు అన్న పేర్లు తారుమారైతే మొత్తం పోతుంది. అందుకే ఆదేశం ఇచ్చే ముందు రెండు డిస్కుల సామర్థ్యమూ, తయారీ సంఖ్యలూ సరిపోల్చుకోవాలి. పెదనాయన 1 టెరాబైట్ డిస్కు ఇమేజ్‌కు 2 టెరాబైట్ల కొత్త డిస్కును వాడాను. డిస్కు లోపలి వలయాలకు వెళ్ళేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న డిస్కుకే మూడు నాలుగు గంటలు పట్టే పని ఇది. ఇలాంటి డిస్కుకు ఇంకా ఎక్కువ పడుతుంది.

ఆ సమయమంతా డిస్కును చల్లగా ఉంచడం అవసరం. చాలా హార్డ్ డిస్కులకు తయారీదారులు చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 60 డిగ్రీలు. మే నెలలో తిరుపతిలో బయట 40 డిగ్రీలు దాటుతుంది, ఏసీ లేని గదిలో పరుపు మీదో దుప్పటి మీదో పెట్టిన ప్లాస్టిక్ కేసింగ్ లోపల డిస్కు ఆ హద్దుకు దగ్గరగా వెళ్ళగలదు. అల్యూమినియం కేసింగ్‌ను గట్టి బల్ల మీద పెట్టి, టేబుల్ ఫ్యాను గాలి దాని మీదుగా పోయేలా చూస్తే ఎంతో తేడా వస్తుంది. ఆదేశం నడుస్తున్నప్పుడే అప్పుడప్పుడు స్మార్ట్‌లో ఉష్ణోగ్రత చూస్తూ, 50 దాటితే ఆపి కాసేపు విరామం ఇవ్వడం నా పద్ధతి.

పని పూర్తయ్యేసరికి చదవలేకపోయినది అతి కొద్ది భాగమే మిగిలింది. ఆ ఇమేజ్‌ను చదవడానికి మాత్రమే వీలయ్యే పద్ధతిలో తెరిచి ఫోటోలు, పాటలు, వ్యాసాలు అన్నీ బయటికి తీశాను. ఇక్కడ తెలుగువాళ్ళం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా చెల్లే అక్షరాల పద్ధతి అయిన యూనికోడ్ స్థిరపడక ముందు, ఆ తరువాత కూడా చాలాకాలం, మన డీటీపీ అంతా అను ఫాంట్ల వంటి వాటితోనే పేజ్‌మేకర్‌లో నడిచింది. ఆ ఫైళ్ళను ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని లాటిన్ అక్షరాలూ గుర్తులూ కనబడతాయి, ఫైలు పాడైపోయిందని అనుకుంటాం. కాబట్టి పాత డిస్కు నుంచి డాక్యుమెంట్స్ ఫోల్డరు ఒక్కటే తీసుకుని ఊరుకోకూడదు. విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ ఫోల్డరును కూడా తీసి పెట్టుకోవాలి. తరువాత ఆ వ్యాసాలను యూనికోడ్‌లోకి మార్చుకోవడానికి కన్వర్టర్లు ఉన్నాయి, మార్చినది అక్షరం అక్షరం సరిచూసుకోవలసి ఉంటుంది. పెదనాయన ఆ పనిలోనే ఉన్నారు. నా ఉద్దేశంలో, డిస్కు నుంచి ఫైళ్ళను తీయడం కంటే ఎక్కువ కాలం నిలిచే పని అది.

చదవడం ముగిసింది కాబట్టి ఇప్పుడు రాయడం గురించి. డిస్కు ఆరోగ్యంగా ఉండి, దాన్నే ఎక్స్‌టర్నల్‌గా వాడుకోదలచుకుంటే పాత విభజనలను తీసేయాలి. విండోస్ ఉన్న డిస్కులో కంప్యూటర్ మొదలవడానికి కావలసిన ఈఎఫ్‌ఐ, రికవరీ వంటి చిన్న విభజనలు ఉంటాయి, డిస్క్ మేనేజ్‌మెంట్ వాటిని తొలగించనివ్వదు. విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అనే సాధనంలో క్లీన్ ఆదేశం ఇస్తే అన్నీ ఒక్కసారిగా పోతాయి, కానీ అది మనం ఎంచుకున్న డిస్కు సంఖ్యను మాత్రమే చూస్తుంది. ఆ సంఖ్య మన కంప్యూటర్ డిస్కుది అయినా అంతే శ్రద్ధగా తుడిచిపెడుతుంది. అందుకే అనవసరమైన డిస్కులన్నీ ఊడదీసి, సామర్థ్యం చూసుకుని, అప్పుడు మాత్రమే ఆ ఆదేశం ఇవ్వాలి. 197వ వరుస సున్నా కాని డిస్కును మాత్రం, తిరిగి రాశాక ఆ సంఖ్య సున్నాకు దిగినా సరే, ఒకే ఒక్క కాపీ ఉన్న దేనికీ నేను వాడను.

కొత్త డిస్కును మొదలుపెట్టేటప్పుడు విభజన పట్టిక ఎంబీఆర్ (పాత రకం) కావాలా, జీపీటీ (కొత్త రకం) కావాలా అని విండోస్ అడుగుతుంది. 512 బైట్ల సెక్టార్ల లెక్కన ఎంబీఆర్‌కు 2 టెరాబైట్లకు పైన చూసే శక్తి లేదు; ఇప్పుడు జీపీటీనే ఎంచుకోవడం మంచిది. 1 టెరాబైట్ డిస్కు విండోస్‌లో 931 జీబీగా కనబడితే మోసపోయామని అనుకోనక్కర్లేదు, తయారీదారులు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కపెట్టడం వల్ల వచ్చే తేడా అది. ఫైల్ సిస్టమ్ విషయంలో, ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు కాబట్టి, స్టూడియోవాళ్ళు ఇచ్చే పెళ్ళి వీడియో దానిలో పట్టకపోవచ్చు. ఎక్స్‌ఫ్యాట్‌ను విండోస్, మ్యాక్, 2019లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్ (దాని మూలభాగం) అన్నీ రాయగలవు. కానీ దానికి జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) లేదు. రాస్తున్న మధ్యలో కేబుల్ ఊడితే నష్టం ఎక్కువ. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు జర్నల్ ఉంది. మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ మామూలుగా దాని మీద రాయలేదు. ఇంట్లో అందరివీ విండోస్ యంత్రాలే అయితే, కరెంటు మీద నమ్మకం లేని మన ఊళ్ళలో, నేను ఎన్‌టీఎఫ్‌ఎస్‌నే సూచిస్తాను.

2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి యూఎస్‌బీ డిస్కులకు క్విక్ రిమూవల్ పద్ధతే (రాసేది కంప్యూటర్‌లో ఆపి ఉంచకుండా వెంటనే డిస్కుకు పంపేది) డిఫాల్టుగా ఉంది. అయినా ఎజెక్ట్ చేయకుండా కేబుల్ లాగవద్దు. ఏదో ఒక ప్రోగ్రాం ఇంకా ఫైలు తెరిచి ఉంచి ఉండవచ్చు, డిస్కు తన సొంత క్యాష్‌లోనిది (తాత్కాలిక నిల్వలోనిది) ఇంకా రాస్తూ ఉండవచ్చు. ఎజెక్ట్ చేశాక కూడా పళ్ళేలు పూర్తిగా ఆగేదాకా కొన్ని సెకన్లు ఆగి, అప్పుడు చేతిలోకి తీసుకోవాలి.

కేసింగ్‌లో ఎస్‌ఎస్‌డీ పెట్టుకుంటే కిందపడినా భయం తక్కువ, వేగమూ ఎక్కువ. ఏళ్ళ తరబడి బీరువాలో పెట్టి మరిచిపోవడానికి మాత్రం అది సరైనది కాదు. నిర్దేశించిన రాతలన్నీ పూర్తయి అరిగిపోయిన సాధారణ ఎస్‌ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక సంవత్సరం పాటు డేటాను నిలుపుకోవాలన్నది చిప్‌ల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ మన వేసవులను లెక్కలోకి తీసుకుంటే దాచిపెట్టే కాపీకి తిరిగే డిస్కే మేలని నా అభిప్రాయం.

కొన్ని పాత కేసింగ్‌ల చిప్‌లు పెద్ద డిస్కులను కంప్యూటర్‌కు 512 బైట్ల బదులు 4096 బైట్ల సెక్టార్లున్నట్లు చూపిస్తాయి. అందులో ఫార్మాట్ చేసిన డిస్కును తరువాత వేరే కేసింగ్‌లో పెట్టినా, నేరుగా మదర్‌బోర్డుకు కలిపినా ఖాళీగా కనబడుతుంది. అందువల్ల ఏ డిస్కును ఏ కేసింగ్‌లో ఫార్మాట్ చేశామో ఒక కాగితం ముక్క మీద రాసి కేసింగ్‌కే అతికించడం అవసరం.

2021 నవంబరు వర్షాలకు తిరుపతిలో ఎన్నో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు, కంప్యూటరూ, దాని పక్కనే పెట్టిన ఎక్స్‌టర్నల్ డిస్కూ కలిసి నీళ్ళలో నానిన ఇళ్ళున్నాయి. ఒకే బల్ల మీద ఉన్న రెండు కాపీలు అలాంటి రోజున ఒక్క కాపీతో సమానం. అందుకని పెదనాయన ఫైళ్ళను రెండు వేర్వేరు కేసింగ్‌లలోని రెండు డిస్కుల మీదకు ఎక్కించాము. ఒకటి చిత్తూరులో ఆయన దగ్గర, రెండోది సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఇక్కడ నా దగ్గర ఉంటాయి. కాపీ చేసిన ప్రతిసారీ రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ-256 విలువలు (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటివి) సరిపోల్చి చూస్తాను, ఎందుకంటే కాపీ పూర్తయిందన్న సందేశం ఒక్కటే చాలదు. నేను చిత్తూరు వెళ్ళినప్పుడు నా డిస్కు తీసుకువెళ్ళి, ఆయన కొత్తగా యూనికోడ్‌లోకి మార్చిన వ్యాసాలను దానిలోకి చేర్చి, రెండు డిస్కుల స్మార్ట్ వివరాలూ చూసి, 5, 197, 198 వరుసల విలువలను కేసింగ్ మీద అతికించిన కాగితం మీదే తేదీతో సహా రాస్తున్నాను. వాటిలో ఏ ఒక్కటి పెరిగినా ఆ డిస్కును పక్కన పెట్టి, రెండో డిస్కు నుంచి కొత్తదానిలోకి కాపీ చేయాలని ఇద్దరమూ అనుకున్నాము.